1812 మాస్కో: తాళాలిచ్చేవాడే లేని ఊళ్ళో నెపోలియన్ ఏం చేశాడు, ఆ ఊరికి నిప్పెవరు పెట్టారు?

చరిత్ర పిచ్చోడు | రాత్రి 9:40

నిన్న రాత్రి మావాడు సోషల్ పుస్తకం ముందేసుకుని ఒక ప్రశ్న వేశాడు. "నాన్నా, నెపోలియన్ మాస్కో పట్టుకున్నాడని ఒక లైన్లో ఉంది, తర్వాతి లైన్లోనే ఓడిపోయాడని ఉంది, ఏది కరెక్టు?" అని. రెండూ కరెక్టే అన్నాను. "అదెలా?" అన్నాడు. అక్కడ దొరికిపోయా. రేపు చెప్తా పడుకో అని తప్పించుకుని ఇక్కడికొచ్చా.

నాకు తెలిసిన కథ రాస్తా, తప్పుంటే దిద్దండి. 1812 జూన్ 24న నేమన్ నది దాటి రష్యాలోకి దిగాడు. రష్యన్లు నిలబడి కొట్టుకోకుండా వెనక్కి వెనక్కి పోయారు, పోతూ పోతూ దారిలో ధాన్యం, గడ్డి తగలబెట్టుకుంటూ పోయారు. ఆగస్టులో స్మొలెన్‌స్క్ కాలిపోయింది. సెప్టెంబర్ 7న బొరొదినో దగ్గర ఎట్టకేలకు పెద్ద యుద్ధం, ఒక్క రోజులో రెండు వైపులా కలిపి చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు 70 వేలకు పైనే. 13న ఫిలి అనే పల్లెలో ఒక రైతు గుడిసెలో రష్యన్ ప్రధాన సేనాని కుతుజోవ్ తన సేనాపతుల్ని కూర్చోబెట్టి, ఊరు పోయినా ఫర్వాలేదు సైన్యం మిగలాలి అని తేల్చేసి మాస్కో వదిలేయమన్నాడు.

14 మధ్యాహ్నం నెపోలియన్ పొక్లొన్నయా కొండ మీదకొచ్చి ఊరు చూశాడు. ఎండలో గోపురాలన్నీ బంగారంలా మెరుస్తున్నాయి. ఊరి పెద్దలు తాళాలు పట్టుకుని ఎదురొస్తారని నిలబడ్డాడు. వియన్నాలో, బెర్లిన్‌లో మర్యాదలు జరిగినవాడు కదా, అలవాటైపోయింది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. చివరికి తెలిసిందేమిటంటే ఊళ్ళో పెద్దలు కాదు కదా మామూలు జనమే లేరు. ఆ సాయంత్రమే అక్కడక్కడా పొగలు మొదలయ్యాయి.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. నిప్పెవరు పెట్టారు? రష్యన్లేనా? తాగిన ఫ్రెంచి సిపాయిలా? దీని మీద 200 ఏళ్ళుగా కొట్టుకుంటున్నారట.


ఓరుగల్లు పోరడు | రాత్రి 9:58

ఇందులో సస్పెన్స్ ఏముందన్నా, రస్తోప్చిన్ పని అది. మాస్కో గవర్నర్. ఆగస్టు అంతా ఊరి గోడల మీద పోస్టర్లు అంటించుడే పని, ఫ్రెంచోడు రాడు, వస్తే గొడ్డళ్ళతో నరుకుదాం, నేను ముందుంటా, మీరంతా మూడు కొండల దగ్గరికి రండి అని. పాపం జనం వెళ్ళారు, ఈయన రాలేదు. పోయేముందు చేసిన పని చూడండి. ఊళ్ళో ఉన్న ఫైర్ సిబ్బంది సుమారు 2 వేల మందిని పంపులతో సహా బయటికి పంపించేశాడు. జైళ్ళు తెరిపించాడు. వొరొనెంకో అని ఒక పోలీసాయన తర్వాత రాసిచ్చిన రిపోర్టు ఉంది, 14 తెల్లవారుజామున తనను సారా గోదాములకి, కస్టమ్స్ యార్డుకి పంపి, శత్రువు లోపలికొస్తే అన్నీ తగలబెట్టే ప్రయత్నం చేయమన్నారని. ఇంతకంటే ఏం కావాలె?

పైగా వొరొనొవొలో ఉన్న తన సొంత బంగళా తానే తగలబెట్టుకుని, ఫ్రెంచోళ్ళకి చీటీ అంటించి పోయాడు, మీ పాదం తగిలి మైలపడకూడదని కాల్చేస్తున్నా అని. అట్లాంటోడు ఊరు కాల్చకుండా ఉంటాడా?


లెక్కల మాస్టారు | రాత్రి 10:15

పోరడూ, నీ కేసు బలంగానే ఉంది కానీ రెండు చిల్లులున్నాయి. ఒకటి, ఇదే రస్తోప్చిన్ 1823లో పారిస్‌లో కూర్చుని నేను కాల్చలేదు మొర్రో అని ఏకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చేయించాడు. నిజంగా కాల్చినవాడైతే అప్పటికి అది గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం, వద్దనుకునే అవసరం ఏముంది? రెండు, బంగళా కాల్చుకున్నవాడి మాస్కో ఇల్లు, లుబ్యాంకాలో ఉన్నది, అది మాత్రం కాలలేదు.

ఇక లెక్కలు. మాస్కోలో అప్పుడు జనాభా రెండున్నర లక్షల పైచిలుకు. ఫ్రెంచి వాళ్ళు వచ్చేసరికి మిగిలింది మహా అయితే 15 వేలు. ఇళ్ళు 9 వేల పైన ఉంటే 6,500 దాకా పోయాయి. అంటే నాలుగింట మూడొంతులకు దగ్గర. 14 సాయంత్రం మొదలై 18 దాకా మండింది. ఇంత మంటకి ఒక పోలీసాయన, పది మంది ఖైదీలు సరిపోతారా అనేది నా అనుమానం.


రాముడు బుద్ధిమంతుడు | రాత్రి 10:21

మాస్టారు ఇంకా ఎక్కాలు మొదలుపెట్టలేదు, ఇవాళ లెక్కలు తక్కువే 😄


పాత ఫైర్‌మ్యాన్ | రాత్రి 10:52

నమస్తే అందరికీ. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, ఫైర్ స్టేషన్లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యా, ఎక్కువ భాగం కోనసీమ వైపే. ఈ టాపిక్ చూసి ఊరుకోలేక రాస్తున్నా, టైపింగ్ నెమ్మది, తప్పులుంటే సర్దుకోండి.

మీరంతా నిప్పెవరు పెట్టారని అడుగుతున్నారు. మా ఉద్యోగంలో ఆ ప్రశ్న ఆఖరున రాసుకునే కాలమ్. మే నెలలో పూరిళ్ళ పేట ఎలా కాలుతుందో చెప్తా వినండి. మొదటి ఇల్లు అంటుకోవడానికి కారణం ఏదైనా కావచ్చు, పొయ్యిలో నిప్పు, బీడీ ముక్క, కరెంటు వైరు. దాన్నెవరూ ఆపలేరు, ప్రతి ఊళ్ళో రోజూ ఎక్కడో ఓ చోట జరిగేదే. పేట మొత్తం పోయేది రెండో ఇంటి దగ్గర. వడగాలికి కాలుతున్న తాటాకు ముక్క లేచి నాలుగిళ్ళ అవతల చూరు మీద పడుతుంది. పడిన అర నిమిషంలో ఎవరో ఒకరు చూడాలి. చూసి తడిపిన గోనెసంచితో కొట్టాలి, లేదా దోటీతో ఆ ఆకు లాగిపారెయ్యాలి. ఆ అర నిమిషం దాటితే ఇక బిందెలతో పని కాదు. మేం బండేసుకుని వెళ్ళేసరికి ఎలాగూ ఇరవై నిమిషాలు. నిజం చెప్పాలంటే పేటని కాపాడేది మేం కాదు, ఇళ్ళ మీదెక్కిన ఆడాళ్ళు, కుర్రాళ్ళు. పగలంతా జనం పొలాల్లో ఉన్న రోజు చూడండి, పేటకి పేట పోతుంది.

ఇప్పుడు ఆ మాస్కో. చెక్క ఇళ్ళు. జనం లేరు. పంపుల్లేవు. ఇంటికొకడు చొప్పున బయటి ఊరి సిపాయిలు దూరి, వాళ్ళకి తెలియని పొయ్యిల్లో నిప్పేసి వంట చేసుకుంటున్నారు, కొవ్వొత్తులు పట్టుకుని నేలమాళిగల్లో సారా వెతుకుతున్నారు. ఆ ఇంటి పొగగొట్టం ఎక్కడ పగిలిందో ఇంటామెకి తెలుస్తుంది కానీ లూటీకొచ్చినోడికేం తెలుసు? పైగా గాలి. ఎవరూ పెట్టక్కర్లేదండీ. పెట్టినా పెట్టి ఉంటారు, కాదనను.


ఓరుగల్లు పోరడు | రాత్రి 11:04

సార్ దండం. కానీ ఇది టాల్‌స్టాయ్ తన నవల్లో చెప్పిన మాటే, ఓనర్లు పోయిన చెక్క ఊరు కాలక మానదు అని. దాంతో నాకు పేచీ ఏంటంటే, అట్లయితే ఎవరి తప్పూ లేనట్టే అయిపోతుంది. పంపులు తీసుకుపోయింది ఎవరు? అది గాలి చేసిన పని కాదు కదా.


పాత ఫైర్‌మ్యాన్ | రాత్రి 11:13

అదే బాబూ నేను రాయబోయి ఆగింది. పంపు తీసుకుపోయినవాడు అగ్గిపుల్ల గీయక్కర్లేదు. మా డిపార్ట్‌మెంట్ మనిషిగా నాకు కోపమొచ్చేది అక్కడే. ఆ 2 వేల మంది సిబ్బంది ఏ మొహంతో పంపులు లాక్కుంటూ ఊరి గేటు దాటారో. అదీ గుర్రపుబళ్ళ మీద, చేత్తో కొట్టే పంపులు, వెనక బళ్ళలో నీళ్ళ పీపాలు. ఆ బళ్ళలో గాయపడ్డ సిపాయిల్ని ఎక్కించుకెళ్ళినా పుణ్యముండేది.


కాఫీ రాణి | రాత్రి 11:20

థాంక్యూ సార్, ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఇందాకటి నుంచి చూస్తున్నా. బొరొదినోలో గాయపడ్డ రష్యన్ సైనికుల్ని వేల మందిని బళ్ళు లేవని మాస్కోలోనే వదిలేసి పోయారు. ఫ్రెంచి వాళ్ళు మర్యాదస్తులు, చూసుకుంటారులే అనే ధైర్యంతో. వాళ్ళలో చాలామంది ఆస్పత్రుల్లో, పడుకోబెట్టిన ఇళ్ళల్లో అలాగే కాలిపోయారు. కాలో చెయ్యో లేనివాడు మంటల్లోంచి ఎలా పరిగెడతాడు? సొంత దేశం కోసం దెబ్బలు తిని సొంత ఊరి మంటల్లో పోయారు. "మహా త్యాగం" అంటూ రాసే వ్యాసాల్లో వీళ్ళు ఒక్క లైను కూడా ఉండరు.

ఇంకొకటి. రస్తోప్చిన్ 14 పొద్దున ఊరు వదిలేముందు, తన వాకిట్లో గోల చేస్తున్న గుంపుకి వెరెష్చాగిన్ అనే కుర్రాణ్ణి అప్పజెప్పాడు. ఒక వ్యాపారి కొడుకు, నెపోలియన్ ప్రకటన ఏదో తర్జుమా చేశాడని జైల్లో పెట్టిన కేసు. వీడే ద్రోహి అని చూపించాడు, గుంపు చంపేసింది, ఈయన వెనక గుమ్మంలోంచి బండెక్కి వెళ్ళిపోయాడు. నాకు మంట కంటే ఇదే ఎక్కువ భయం వేస్తుంది.


మాస్కో మెడికో | రాత్రి 11:47

హాయ్ అండీ, నేను గుంటూరు అమ్మాయిని, మాస్కోలో మెడిసిన్ మూడో సంవత్సరం. ఇక్కడ ఇంకా రాత్రి తొమ్మిదే, అందుకే ఉత్సాహంగా ఉన్నా.

ముందు ఒక సామెత. ఇక్కడ ముసలమ్మలు గ్యాస్ కట్టెయ్యి అని చెప్పడానికి కూడా వాడతారు: పైసా కొవ్వొత్తికి మాస్కో కాలింది అని. అది నెపోలియన్ గురించి కాదు, 1737లో వచ్చిన ఇంకో పెద్ద అగ్నిప్రమాదం గురించి అంటారు. అంటే ఈ ఊరికి కాలడం కొత్త కాదు. 1571లో క్రిమియా ఖాన్ వచ్చి అంటించినప్పుడూ బూడిదే.

ఫైర్‌మ్యాన్ అంకుల్ చెప్పింది చదివాక నాకో డౌట్ వచ్చింది, చూడండి సరిపోతుందేమో. 1812లో కాలకుండా మిగిలినవి ఏవో నాకు తెలుసు, రోజూ వాటి పక్క నుంచే తిరుగుతా. కుజ్‌నెత్‌స్కీ మోస్త్ వీధి మిగిలింది. అప్పుడు అది ఫ్రెంచి వాళ్ళ బట్టల కొట్లు, టోపీల కొట్ల వీధి, వాళ్ళు ఊరొదిలి పోలేదు, వాళ్ళ సైన్యం కాపలా కూడా ఉంది. దాని పక్కనే లుబ్యాంకాలో ఫ్రెంచి వాళ్ళ క్యాథలిక్ చర్చి, అదీ మిగిలింది, పాదిరీ గారు కూడా ఊరు వదల్లేదు. నది ఒడ్డున పెద్ద అనాథ శరణాలయం బిల్డింగు మిగిలింది. దాని అధికారి తుతోల్మిన్ అనే ముసలాయన చిన్నపిల్లల్ని వదిలి రానని ఉండిపోయాడు, ఫ్రెంచి వాళ్ళని అడిగి కాపలా పెట్టించుకుని, సిబ్బందితో కలిసి చుట్టూ మంటలు ఆర్పుకుంటూ రాత్రిళ్ళు గడిపాడు. ఊరి మధ్య కోట క్రెమ్లిన్ కూడా అంతే, నెపోలియన్ గార్డు సైనికులు పైకప్పులెక్కి నిప్పురవ్వలు ఊడ్చారు.

అంటే మనుషులున్న చోటల్లా మిగిలింది!


పాత ఫైర్‌మ్యాన్ | రాత్రి 11:55

అమ్మాయ్, నువ్వు మెడిసిన్ మానేసి మా డిపార్ట్‌మెంట్‌కి రా. ఇంక్వైరీ రిపోర్ట్ ఇలాగే రాయాలి.

ఒక్క చిన్న విషయం చెప్పమ్మా. మాస్టారు రస్తోప్చిన్ ఇల్లు కాలలేదని అనుమానంగా రాశారు కదా. ఆ ఇల్లు ఈ కొట్ల వీధికి ఎంత దూరం?


మాస్కో మెడికో | రాత్రి 11:58

అయ్యో అంకుల్!! నడిస్తే ఐదు నిమిషాలు. ఫ్రెంచి చర్చికి ఇంకా దగ్గర. ఒకటే పేట అది.


లెక్కల మాస్టారు | రాత్రి 12:03

సరే, నా రెండో చిల్లు నేనే పూడ్చుకుంటున్నా. ఇల్లు మిగిలింది ఆయన మహిమ కాదు, ఇరుగుపొరుగు ఫ్రెంచి వాళ్ళ పుణ్యం. ఎవరికి భయపడి ఊరొదిలాడో వాళ్ళే ఇల్లు కాపాడి పెట్టారు.


మోడరేటర్ | ఉదయం 6:30

చర్చ బాగుంది, కొనసాగించండి. ఇప్పటి యుద్ధాలకి ముడిపెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాను. దానికి వేరే విభాగం ఉంది. పేర్లు చెప్పను, వాళ్ళకి తెలుసు.


చరిత్ర పిచ్చోడు | ఉదయం 7:10

పొద్దున్నే కాఫీ తాగుతూ అన్నీ చదివా. మావాడికి నిప్పు సంగతి చెప్పా, "మరి ఇల్లు కాలితే ఏం, ఊరు వాళ్ళ చేతిలోనే ఉందిగా" అన్నాడు. వీడు నన్ను బతకనిచ్చేలా లేడు. ఆ 35 రోజులు నెపోలియన్ అక్కడేం చేశాడో వివరంగా ఎవరైనా రాయండి.


లెక్కల మాస్టారు | ఉదయం 8:45

స్కూలుకి టైమవుతోంది కానీ ఇది వదల్లేను.

15న క్రెమ్లిన్‌లో దిగాడు. ఆ రాత్రి గాలి రేగింది. 16న మంటలు క్రెమ్లిన్ గోడల దాకా వచ్చేశాయి. లోపల ఆవరణలో ఏమున్నాయో తెలుసా, గార్డు దళం తాలూకు మందుగుండు బళ్ళు. వాటి పక్కన జనపనార పీచు. పైనుంచి రవ్వలు వానలా పడుతున్నాయి. చక్రవర్తి కిటికీకీ కిటికీకీ తిరుగుతూ చూస్తున్నాడు, అద్దాలు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి, ఎంత చెప్పినా కదలడు. చివరికి ఒప్పించి బయటికి తీస్తే, మండే సందుల్లోంచి దారి వెతుక్కుంటూ ఊరి బయట పెత్రొవ్‌స్కీ ప్యాలెస్‌కి చేరాడు. 18న వాన పడి మంట తగ్గాక మళ్ళీ క్రెమ్లిన్‌కి.

అక్కడి నుంచి మొదలైంది అసలు కామెడీ. రాజీ ఉత్తరాలు. యాకొవ్లెవ్ అని మాస్కోలో చిక్కుకుపోయిన ఒక జమీందారు ఉన్నాడు, నన్నూ నా కుటుంబాన్నీ బయటికి పంపండి అని బతిమాలుకున్నాడు. సరే, నా ఉత్తరం జార్ అలెగ్జాండర్‌కి చేరుస్తానంటే పంపిస్తా అన్నాడు నెపోలియన్. యూరప్ మొత్తాన్ని గడగడలాడించినవాడు పోస్ట్‌మ్యాన్ కోసం వెతుక్కోవడం చూడండి. ఆ కుటుంబంలో ఐదు నెలల చంటివాడు ఉన్నాడు, అతనే పెద్దయ్యాక రచయిత హెర్జెన్. ఉత్తరం చేరింది, జవాబు లేదు. అక్టోబర్ 5న లొరిస్తోన్ అనే జనరల్‌ని కుతుజోవ్ దగ్గరికి పంపాడు. ముసలాయన తీపి మాటలు చెప్పి, రాజధాని పీటర్స్‌బర్గ్‌కి రాసి కనుక్కుంటా అని కూర్చోబెట్టాడు. జార్ ఏమనుకుంటున్నాడంటే, గడ్డం పెంచుకుని రైతులతో బంగాళాదుంపలు తిని బతుకుతా కానీ రాజీ మాత్రం పడను అని.

మధ్యలో ఈయన ఏం చేశాడు? అక్టోబర్ 15న పారిస్‌లోని నాటకశాల కామెడీ ఫ్రాన్సేజ్ నిర్వహణ నియమాల మీద మాస్కో నుంచి సంతకం పెట్టాడు. నటులకి వాటాలెలా పంచాలి, అవన్నీ. ఇప్పటికీ దాన్ని మాస్కో డిక్రీ అనే అంటారు. మాస్కోలో చిక్కుకున్న ఫ్రెంచి నటులతో ఒక ఇంట్లో నాటకాలు కూడా ఆడించారు, కాలిన ఊరి మధ్యలో.


ఓరుగల్లు పోరడు | ఉదయం 9:02

నాటకాల కంపెనీ రూల్సా 😂 ఇంట్లో పైకప్పు ఊడిపోతుంటే పాత కరెంటు బిల్లులు సర్దుకుంటూ కూర్చున్నట్టుంది.


కాఫీ రాణి | ఉదయం 9:30

నాకది నవ్వులా అనిపించలేదు. పారిస్‌లో వాళ్ళకి నేను ఇక్కడ నిమ్మళంగానే ఉన్నాను అని చూపించుకోవడం అది. లోపల టెన్షన్ ఉన్నవాళ్ళే ఇలాంటి చిన్న పనులు భలే శ్రద్ధగా చేస్తారు.


లెక్కల మాస్టారు | మధ్యాహ్నం 1:20

లంచ్ బ్రేక్. రాణిగారి మాట కరెక్టే అనిపిస్తోంది. సైన్యం సంగతి కూడా రాస్తా, అసలు దెబ్బ అక్కడే తగిలింది.

ఊళ్ళో సరుకు లేక కాదు. నేలమాళిగల్లో వైన్, చక్కెర, టీ, ఉన్ని శాలువాలు, నక్క తోలు కోట్లు బోలెడు దొరికాయి. ముందు లూటీ వద్దన్నారు, ఎలాగూ కాలిపోయేదేగా అని తర్వాత వంతులేసి వదిలారు. ఒక్కసారి వదిలాక మళ్ళీ వరసలో నిలబెట్టడం ఎవరి తరం? గుడుల్లో గుర్రాలు కట్టారు, ఉస్పెన్‌స్కీ కెథడ్రల్లో కొలిమి పెట్టి వెండి కరిగించారు. సిపాయి దగ్గర పట్టు ఉంది, జామ్ సీసా ఉంది, రొట్టె లేదు. అన్నిటికంటే ముఖ్యం, గుర్రానికి గడ్డి లేదు. ఊరి చుట్టుపక్కల పల్లెలకి గడ్డి కోసం పంపిన ప్రతి గుంపు మీదా కొసాక్కులనే రష్యన్ గుర్రపు దళాలూ రైతులూ పడి కొట్టేవాళ్ళు. గుర్రాలు వేల లెక్కన పోయాయి. గుర్రం పోతే ఫిరంగి లాగేదెవరు, కబురు తెచ్చేదెవరు?

లాడాల సంగతి కూడా చెప్పాలి. మంచు మీద నడవాలంటే గుర్రపు లాడానికి మేకుల్లాంటి ముళ్ళు ఉండాలి, లేకపోతే జారి పడుతుంది. రష్యాలో రాయబారిగా ఉండొచ్చిన కొలెన్‌కూర్ ఒక్కడు చక్రవర్తి గుర్రాలకి అవి వేయించాడు. మిగతా సైన్యంలో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అక్టోబర్ మొదట్లో ఎండ కాస్తుంటే, ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లోలో కూడా ఇంత మంచి వాతావరణం ఉండదే అని నెపోలియన్ వేళాకోళమాడాడు. 13న మొదటి మంచు పడింది.

ఈ లోపల కుతుజోవ్ ఏం చేశాడంటే, రియజాన్ రోడ్డు మీద పోతున్నట్టు పోయి, గప్‌చుప్‌గా పక్కకి తిరిగి కలూగా రోడ్డెక్కాడు. కొసాక్కులు మాత్రం పాత రోడ్డు మీదే పోతుంటే వాళ్ళ వెనకాల నెపోలియన్ గుర్రపు దళాల అధిపతి మురా పరిగెత్తాడు. కొన్నాళ్ళపాటు రష్యన్ సైన్యం ఎక్కడుందో ఫ్రెంచి వాళ్ళకి తెలియదు! తరూతినోలో శిబిరం వేసుకుని, వెనకాల తూలా తుపాకుల కార్ఖానా, దక్షిణాది ధాన్యం అన్నీ కాపాడుకుంటూ రోజురోజుకీ బలిశాడు. ఊరు వీళ్ళ చేతిలో ఉంది, దేశం వాళ్ళ చేతిలోనే ఉంది.


హంపీ బస్సు | మధ్యాహ్నం 2:05

మాది పెనుగొండ. ఇదంతా చదువుతుంటే మా కథే గుర్తొస్తోంది, టాపిక్ దాటితే చెప్పండి. 1565 జనవరి 23న రాక్షస తంగడి యుద్ధం. రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమల రాయలు విజయనగరానికి పరిగెత్తుకొచ్చి, సదాశివరాయల్ని, ఖజానాని ఏనుగుల మీద ఎక్కించుకుని మా పెనుగొండకి వచ్చేశాడు. రాజధాని తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. సుల్తానుల సైన్యాలు వచ్చి నెలల తరబడి కూర్చుని పగలగొట్టినంత పగలగొట్టి, కాల్చినంత కాల్చి పోయాయి. విఠలాలయం దగ్గర ఇప్పటికీ మంటకి పగిలిన రాళ్ళు చూపిస్తారు.

అక్కడా రాజు ఊరొదిలి సైన్యాన్నీ ఖజానానీ కాపాడుకున్నాడు, ఇక్కడా అంతే. మాస్కో లేచి నిలబడింది, హంపీ ఎందుకు లేవలేదు?


ఓరుగల్లు పోరడు | మధ్యాహ్నం 2:31

బ్రో, తేడా ఉంది. తిరుమల రాయలు కాపాడింది ఖజానా, సైన్యం కాదు. సైన్యం అప్పటికే తంగడిలో పోయింది. కుతుజోవ్‌కి బొరొదినో తర్వాత కూడా సైన్యం మిగిలింది, అందుకే ఊరు వదలడం ఒక ఎత్తుగడ అయింది. మనవాళ్ళది ఎత్తుగడ కాదు, పారిపోవుడు.


కాఫీ రాణి | మధ్యాహ్నం 2:50

ఇంకో తేడా కూడా. విజయనగరంలో రాజు వెళ్ళాడు, జనం ఉండిపోయారు. మాస్కోలో జనమే వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు. ఉండి చచ్చినవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?


హంపీ బస్సు | మధ్యాహ్నం 3:15

పోరడి మాటతో కొట్లాడదామని కూర్చున్నా, రాణిగారి మాట చదివాక మూడ్ పోయింది. సరే, ఒప్పుకుంటున్నా. రాజధాని పెనుగొండకి, తర్వాత చంద్రగిరికి మారిపోయాక హంపీని మళ్ళీ కట్టాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది అనేది కూడా కలుపుకోండి.


మాస్కో మెడికో | సాయంత్రం 6:40

మాస్కోని మళ్ళీ కట్టడానికి 1813లోనే కమిషన్ వేశారు. బోవే అనే ఆర్కిటెక్ట్ చాలా చేశాడు. క్రెమ్లిన్ పక్కన నెగ్లిన్నయా అని ఒక నది పారేది, దాన్ని పైపులో పెట్టి పూడ్చేసి పైన పార్కు వేశారు, అలెగ్జాండర్ గార్డెన్, మేం ఐస్‌క్రీమ్ తినేది అక్కడే.

కానీ అన్నీ తిరిగి రాలేదండీ. మూసిన్ పుష్కిన్ అనే ఆయన ఇంట్లో ఇగోర్ దండయాత్ర మీద రాసిన పాత రష్యన్ కావ్యం చేతిరాత ప్రతి ఉండేది. ఒకే ఒక్క ప్రతి. అది కాలిపోయింది. 1800లో అచ్చేసిన పుస్తకం ఉండబట్టి మాటలు మిగిలాయి కానీ అసలు ప్రతి పోయింది కాబట్టి అది నిజంగా పాతదేనా అని ఎన్నో ఏళ్ళు కొట్టుకున్నారు. యూనివర్సిటీ లైబ్రరీ కూడా పోయింది. ఇళ్ళు కట్టొచ్చు, అదెలా తెస్తారు.


హంపీ బస్సు | సాయంత్రం 6:58

పోతూ పోతూ క్రెమ్లిన్ కూడా పేల్చారట కదా?


లెక్కల మాస్టారు | రాత్రి 8:10

పేల్చబోయారు. అక్టోబర్ 18న తరూతినో దగ్గర మురా దళం మీద రష్యన్లు పడి కొట్టారు, దాంతో నెపోలియన్‌కి మెలకువ వచ్చింది, 19న బయల్దేరాడు. సుమారు లక్ష మంది సైన్యం, వెనకాల లూటీ సామాను మోస్తున్న బళ్ళు వేలకు వేలు. సైన్యంలా లేదు, సంత నుంచి తిరిగొస్తున్నట్టుంది. మోర్తియే అనే మార్షల్‌ని వెనక పెట్టి క్రెమ్లిన్ పేల్చేయమన్నాడు. సైనికంగా దానివల్ల పైసా లాభం లేదు, ఉత్త కడుపుమంట. వాన పడి వత్తులు తడిసిపోయి కొన్ని పేలలేదు. ఆయుధాగారం కొంత కూలింది, ఒక బురుజు పూర్తిగా పోయింది, నికోల్‌స్కయా బురుజు పైభాగం పోయింది. ఇవాన్ గంటగోపురం మాత్రం పక్క కట్టడాలు కూలినా నిలబడింది.

దక్షిణం వైపు మంచి రోడ్డు పట్టుకుందామంటే 24న మలొయరొస్లావెత్స్ దగ్గర కుతుజోవ్ అడ్డం. తిరిగి తాము వచ్చిన, తామే ఊడ్చేసిన స్మొలెన్‌స్క్ రోడ్డే గతి అయింది. నవంబర్ చివర బెరెజినా నది దాటేటప్పుడు మరీ ఘోరంగా దెబ్బ తిన్నారు.

1869లో మినార్ అనే ఫ్రెంచి ఇంజినీరు దీన్నంతా ఒక్క బొమ్మలో గీశాడు. వెళ్ళేటప్పుడు లావుపాటి చార, వచ్చేటప్పుడు దారప్పోగు. బయల్దేరినవాళ్ళు 4,22,000, మాస్కో చేరినవాళ్ళు 1,00,000, తిరిగి నేమన్ దాటినవాళ్ళు 10,000. నేను తొమ్మిదో క్లాసుకి గ్రాఫులు చెప్పేటప్పుడు మొదట ఇదే చూపిస్తా. పిచ్చోడు గారూ, మీ అబ్బాయికి కూడా చూపించండి, ఒకటి గమనించమనండి. మాస్కోకి వెళ్ళే చార మాస్కో చేరేలోపే నాలుగో వంతుకి పడిపోయింది. అంటే గెలిచాడు అన్న లైన్ రాసే నాటికే పని సగం పైగా అయిపోయింది.


చరిత్ర పిచ్చోడు | రాత్రి 9:25

చూపించా మాస్టారూ. స్కేలు తెచ్చి చార వెడల్పు కొలిచాడు. తర్వాత అడిగాడు, "ఈ 10 వేల మంది ఇంటికెళ్ళి ఏం చెప్పి ఉంటారు నాన్నా, గెలిచామనా?" అని. నేనేం చెప్పలేదు, వాళ్ళమ్మ అన్నానికి పిలిచింది, బతికిపోయా.


మాస్కో మెడికో | రాత్రి 10:50

అందరికీ ఒక అప్‌డేట్. మీ చర్చ పుణ్యమా అని ఇవాళ క్లాసు ఎగ్గొట్టి తిరిగా, మా ఇంట్లో చెప్పకండి. క్రెమ్లిన్ ఆయుధాగారం గోడ వెంట ఫ్రెంచి వాళ్ళ దగ్గర పట్టుకున్న ఫిరంగి గొట్టాలు వరసగా పేర్చి ఉన్నాయి. మాస్టారు చెప్పిన ఆ కూలిన ఆయుధాగారమే, మళ్ళీ కట్టి దాని ముందే పెట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాటి మీద తీగల డిజైన్లు, అక్షరాలు ఎంత అందంగా చెక్కారో, వానకి పచ్చబడిపోయి ఉన్నాయి.

అక్కణ్ణుంచి మెట్రో ఎక్కి ఫిలి గుడిసె చూద్దామని వెళ్ళా. కుతుజోవ్ కూర్చున్న రైతు ఇల్లు. బోర్డు చూసుకోకుండా వెళ్ళా, సెలవు. బయట నుంచే చూశా, చిన్న చెక్క ఇల్లు, మన కమ్యూనిటీ హాలు అంత కూడా ఉండదు. అక్కడ చలిలో పల్లీలు తింటూ చదివితే తెలిసింది, అది అసలు ఇల్లు కాదట. ఫ్రెంచి వాళ్ళొచ్చినప్పుడు బాగానే మిగిలిందట, 1868లో కాలిపోయిందట. ఇప్పుడున్నది 1887లో మళ్ళీ కట్టింది.


ఓరుగల్లు పోరడు | రాత్రి 10:54

మొత్తం ఊరు కాలినప్పుడు నిలబడి, ఏమీ లేని రోజు కాలిందా! దీనికి నిప్పెవరు పెట్టారు మరి? రస్తోప్చిన్ అప్పటికి లేడు.


పాత ఫైర్‌మ్యాన్ | రాత్రి 11:06

ఆ రాత్రి ఇంట్లో ఎవరున్నారో ముందు కనుక్కో అమ్మాయ్, తర్వాత చెప్తా.